ఇంటికో మనిషి

యుద్ధం చేశావా అని ఎవరడిగినా పోతురాజు అబద్ధం ఆడేవాడు కాదు. ఆడి ఉంటే ఎంత బాగుండేది! మీసం మెలేసి, చేశాను, చీల్చి చెండాడాను అని ఒక్క ముక్క అనేసి ఉంటే మెరకపాలెం రేవులో జనం నోళ్ళు వెళ్ళబెట్టుకుని విని, టీ ఇప్పించి, గౌరవంగా చూసేవాళ్ళు. మహానుభావుడు అలా అనడే! "యుద్ధం కాదురా, స్కిర్మిష్" అనేవాడు.

"అంటే ఏంటి బాబాయ్?"

"చిన్న పోట్లాట. ముందు కొద్దిమంది ఎల్తారు. పెద్ద సైన్యం ఎనకాల ఉంటాది."

"ఓస్, పోట్లాటేనా! మన చేపల ఏలంపాట కాడ రోజూ అయ్యేదేగా" అని నవ్వేశారు. ఆ మాట వాళ్ళ నోళ్ళలో పడి నలిగి నలిగి కిరిమిసి అయింది. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో చేసి వచ్చిన మనిషి ఊళ్ళో కిరిమిసి పోతురాజు అయిపోయాడు. అతనూ నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం!

ఆ చిన్న పోట్లాటలో ఒక తూటా అతని ఎడమ తొడలో దూరి అవతలికి పోయింది. ముందు రోజు దాకా చలికి ఒకే దుప్పటి పంచుకున్న స్నేహితుడు పక్కనే మంచులో ఒరిగిపోయి మళ్ళీ లేవలేదు. ఆసుపత్రి మంచం మీద ఉండగా ఎవరో పేపరు తెచ్చిచ్చారు. సరిహద్దులో స్వల్ప ఘర్షణ అని లోపలి పేజీలో నాలుగు లైన్లు. చూడ్డానికి వచ్చిన కెప్టెన్ గారి ముందు ఆ పేపరు పెట్టి, "ఇది స్వల్పమా సార్?" అని అడిగేశాడు.

కెప్టెన్ అచ్యుతరామరాజు గారిది భీమవరం దగ్గరి ఊరు. జవాన్లందరితో హిందీలో మాట్లాడినా పోతురాజుతో మాత్రం తెలుగే. ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మనవాళ్ళు దీన్ని స్కిర్మిష్ అంటారు కదయ్యా. ఆ మాట ఇంగ్లీషు వాళ్ళు పుట్టించింది కాదు. ఫ్రెంచి వాళ్ళ దగ్గర తీసుకున్నారు. ఫ్రెంచి వాళ్ళకి జర్మన్ల పాత భాషలోంచి వచ్చింది. మొదట్లో దానికి కొట్టుకోవడం అని అర్థమే లేదు. కాపాడడం అని అర్థం. పెద్ద సైన్యం కదిలి వస్తుంటే దానికి ముందు కొద్దిమంది చెల్లాచెదురుగా నడుస్తారు. శత్రువు ఎక్కడున్నాడో ముందు వాళ్ళకి తెలుస్తుంది, తొలి దెబ్బ వాళ్ళే తింటారు. ఈలోగా వెనకవాళ్ళు సర్దుకుంటారు. ఆ ముందు జరిగేదే స్కిర్మిష్. చిన్నది అన్నది మనుషుల లెక్కను బట్టి. పోయినవాడికి చిన్నదేంటి, పెద్దదేంటి?"

పోతురాజు ఆ పేపరు మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. వెనక మనుషులు ఉంటేనే ముందు నడిచినవాడికి అర్థం. నువ్వు పడ్డాక మేం వచ్చామా, లేదా?"

"వచ్చారు సార్."

వచ్చారు. కెప్టెన్ గారే స్వయంగా అతన్ని భుజాన వేసుకుని కిందికి దింపారు. పోతురాజుకి ఆ కొండవాలంతా గుర్తు లేదు కానీ ఆయన ఆయాసం గుర్తుంది. ముందు వెళ్ళినవాడి కోసం వెనకవాళ్ళు వస్తారన్నది ఆ రోజు అతని ఒంట్లోకి ఇంకిపోయింది. మనిషిని ముంచింది కూడా ఆ నమ్మకమేనని చెబుతున్నాను.

మెరకపాలెం గోదావరి ఒడ్డున, ఏరు సముద్రంలో కలిసే మొగకి దగ్గరలో ఉంటుంది. మొగ నుంచి ఏటి ఎగువ దాకా వరసగా రాటలు పాతి వాటికి వలలు కడతారు. సముద్రం పోటు మీద వచ్చిన చేప, నీరు తీసే పాటు మీద వెనక్కి పోయేటప్పుడు ఆ వలల్లో పడుతుంది. ఎవరి చోటు వాళ్ళది. ఇంటికి ఒక చోటు. అయితే ఆ చోటు ఊరికే ఉండదు, దానికి ఊరి కట్టుబాటు ఉంది. దండోరా పడితే ఇంటికో మనిషి కదలాలి. అమ్మవారి జాతరకి పందిళ్ళు వేయాలన్నా, రేవులో మేట వేసిన ఇసక తవ్వాలన్నా, పొరుగూరితో తగువు పడాలన్నా ఇంటికో మనిషే. మనిషిని పంపలేని ఇంటికి ఏట్లో చోటు లేదు.

పోతురాజు సైన్యంలో ఉండగా తండ్రి పోయాడు. దండోరా పడితే కదలడానికి ఆ ఇంట్లో మగదిక్కు లేదు. అప్పుడు పోతురాజు భార్య రత్తమ్మ అన్నగారు చిట్టియ్య, "నీ చోటు నేను సూసుకుంటాను బావా, నువ్వొచ్చాక నీది నీకే" అని ఫోన్లో చెప్పాడు. చెప్పాడా! పోతురాజు ఇంటికి వచ్చి ఏళ్ళు గడిచిపోయాయి, ఆ చోటు మాత్రం రాలేదు. ఈలోగా చిట్టియ్య ఊరికి పెద్ద అయ్యాడు. అడిగినప్పుడల్లా భుజం మీద చెయ్యి వేసి, "ఇస్తాను బావా, ఎక్కడికి పోద్ది? నువ్వు ఊరికి కొత్తగా వచ్చినోడివి. పది మందీ నిన్ను మనోడు అనుకోవాలి కదా" అనేవాడు.

కొత్తగా వచ్చినవాడట! ఆ రేవులో ఈత నేర్చినవాడు, ఆ ఏటి ఉప్పునీళ్ళు తాగి పెరిగినవాడు.

పోతురాజు నర్సాపురంలో ఒక ఏటీఎం ముందు నీలం యూనిఫారం వేసుకుని కుర్చీలో కూర్చునేవాడు. ఫించను వచ్చేది, తిండికి లోటు లేదు. అతనికి కావలసింది చేపలు కాదు. పాటు తగ్గే వేళ తండ్రి నిలబడిన చోట మొలలోతు నీళ్ళలో నిలబడి వల విప్పాలి. అది చూసి పక్క చోటులో ఉన్నవాడు, ఏం పడ్డాయి పోతురాజూ అని అరవాలి. అంతే. దాని కోసం ఆ మనిషి ఎంత తపించిపోయాడో రత్తమ్మకి తెలుసు.

పోయిన వేసవి చివర్లో అవతలి ఒడ్డు తిప్పలపాలెం వాళ్ళు ఏకంగా మన రాటల ముందే తమ రాటలు పాతేశారు. పాటు మీద వెనక్కి పోయే చేప ముందు వాళ్ళ వలల్లో పడాల్సిందే. మెరకపాలెం భగ్గుమంది. అర్జీలు పెట్టారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. చూస్తాం అన్నారు. చివరికి ఒక సాయంత్రం దండోరా పడింది. ఇంటికో మనిషి అమ్మవారి గుడి దగ్గరికి వచ్చాడు.

కుర్రాళ్ళు ఊగిపోతున్నారు. పడవలన్నీ వేసుకుని వెళ్ళి ఏసేద్దాం అంటున్నారు. అప్పుడు చిట్టియ్య చెయ్యెత్తి అందరినీ ఆపి, "ఇలాంటియి తెలిసినోడు మన మజ్జెనే ఉన్నాడు కదరా. బావా, నువ్వు సెప్పు" అన్నాడు.

కిరిమిసి అని నవ్విన నోళ్ళన్నీ మూతపడ్డాయి. అందరూ తన వైపే చూస్తుంటే పోతురాజు గొంతు సవరించుకున్నాడు.

"గుంపుగా ఎల్తే ఆళ్ళూ గుంపుగా వత్తారు. రక్తం కారుద్ది. ముందు ఒక్క పడవ ఎల్లి రాటలు పీకుద్ది. అది సూసి ఆళ్ళు వత్తారు. అప్పుడు ముందు పడవలోంచి ఎర్ర తువ్వాలు ఎత్తుతారు. రేవులోంచి మన పడవలన్నీ ఒక్కసారి ఇంజన్లేసి బయల్దేరాలి. అన్ని పడవలు కనబడితే ఆళ్ళే తగ్గుతారు. దెబ్బ పడకుండా తగువు తెగిపోద్ది."

"ముందు పడవలో ఎవరెల్తారు?" అన్నారెవరో.

చిట్టియ్య ఇంటి నుంచి ఎవరని ఇంకెవరో అడిగారు. పెద్ద ఇంటి మనిషి ముందు నడవాలి కదా! చిట్టియ్య కొడుకు సాయికిరణ్ పాతికేళ్ళవాడు, కండలు తిరిగినవాడు, తండ్రి పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. చిట్టియ్య అతని వైపు చూడను కూడా చూడలేదు. "మా ఇంటి నుంచి మా బావ ఉన్నాడుగా!" అన్నాడు.

అదిగో, ఆ మాటకి పోతురాజు కరిగిపోయాడు. మా ఇంటి నుంచి అన్నాడు. పది మందిలో అన్నాడు. ఇన్నాళ్ళకి ఎవరింటి లెక్కలోనో తనొక మనిషి అయ్యాడు. పిచ్చివాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా.

చిట్టియ్య అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, అమ్మవారి ఎదుట రెండో చేత్తో చరిచి ఆర్పాడు. "నీ ఎనకాల మేం ఉన్నాం బావా. ఈ తగువు తెగగానే మీ నాన్న చోటు నీది. అమ్మోరి మీద ఒట్టు." ఆ ప్రమాణం తప్పినవాడు మెరకపాలెంలో లేడని పోతురాజు చిన్నప్పటి నుంచి విన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాటు మొదలయ్యే వేళకి పోతురాజు రేవుకి వచ్చాడు. తోడు రావడానికి దుర్గాసాయి ఒప్పుకున్నాడు. పక్కింటివాడు, పెళ్ళయి ఏడాది తిరగనివాడు, బాబాయ్ బాబాయ్ అంటూ వెంట తిరిగేవాడు. ఒడ్డున జనం ఉన్నారు. పడవలు వరసగా ఉన్నాయి. పోతురాజు ముఖాలు చూశాడు, భుజాలు చూశాడు, చేతుల్లో తెడ్లు చూశాడు. సరిపోతారు అనుకున్నాడు. మీద వేసుకున్న ఎర్ర తువ్వాలు ఒకసారి సర్దుకుని పడవ ఎక్కాడు.

మొగలో అనుకున్నట్టే జరిగింది. రాటలు కొన్ని పీకేసరికి అవతలి ఒడ్డు నుంచి కేకలు వినబడ్డాయి. పడవలు బయల్దేరాయి. ఒకటి, దాని వెనక ఇంకొకటి, చూస్తుండగానే ఏరంతా వాళ్ళ పడవలే. పోతురాజు లేచి నిలబడి తువ్వాలు ఎత్తాడు. గాలికి తువ్వాలు రెపరెపలాడింది. రేవు వైపు చూశాడు.

ఏ పడవా కదల్లేదు.

"సూడలేదేమో బాబాయ్" అన్నాడు దుర్గాసాయి. పోతురాజు పడవ అంచు మీదికెక్కి రెండు చేతులతో తువ్వాలు ఊపాడు. ఒడ్డున మనుషులు కనిపిస్తూనే ఉన్నారు. నిలబడి చూస్తున్నారు. దుర్గాసాయి ఫోను తీసి చిట్టియ్యకి కొట్టాడు. స్విచాఫ్ అని వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ స్విచాఫే.

"వత్తారురా. మనోళ్ళు వత్తారు" అన్నాడు పోతురాజు.

పారిపోదామంటే తమది చిన్న తెడ్ల పడవ, పాటు సముద్రం వైపు లాగుతోంది. తిప్పలపాలెం పడవలు చుట్టుముట్టాయి. తెడ్లు లేచాయి. పోతురాజు దెబ్బలకి అడ్డంగా తన వీపు పెట్టాడు కానీ పక్కనుంచి వచ్చి గుద్దిన పడవని ఏం చేయగలడు? దుర్గాసాయి కుడిచెయ్యి రెండు పడవల మధ్య పడింది. వాడు పెట్టిన కేకకి తెడ్లు ఎత్తినవాళ్ళు కూడా దించేశారు.

అవతలి ఊరివాళ్ళే దుర్గాసాయిని ఆసుపత్రికి పంపారు. ఆ మాత్రం మనిషితనం చూపించింది వాళ్ళు, మనవాళ్ళు కాదు! పోతురాజుని పోలీసులకి అప్పగించారు. తలకి గుడ్డ కట్టుకుని అతను స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి ఎస్సై గారి బల్ల ముందు చిట్టియ్య కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లపంచె, మడత నలగని చొక్కా. పక్క కుర్చీలో తిప్పలపాలెం పెద్ద. ఇద్దరి చేతుల్లోనూ టీ గ్లాసులు.

పోతురాజు తలుపు దగ్గరే ఆగి లెక్క వేసుకున్నాడు. మెరకపాలెం నుంచి ఇక్కడికి రావాలంటే పంటు మీద ఏరు దాటి బస్సెక్కాలి. తను పడవ ఎక్కేవేళకే ఈయన ఇంట్లోంచి బయల్దేరి ఉండాలి. తువ్వాలు ఎత్తినప్పుడు చూడకపోవడం కాదు, చూసే ఉద్దేశమే ఈయనకి లేదు.

"ఈయన్ని ఎవరు పంపారండి?" అని అడిగారు ఎస్సై గారు.

"ఎవరూ పంపలేదండి. మిలట్రీలో ఉండొచ్చాడు కదండి, మా కట్టుబాట్లు ఆడికి తెలవ్వు. మా మాట ఇంటాడేంటండి! గొడవలొద్దని నేను మొత్తుకుంటానే ఉన్నానండి."

"మీ ఇంటి మనిషే అంటున్నారుగా?"

"మా చెల్లినిచ్చామండి. అంతేనండి. ఆడు మా ఇంటోడు కాదండి."

పోతురాజు బావా అని పిలవబోయి ఆగిపోయాడు. ఏమని పిలవాలి? తల మీద దెబ్బ అప్పటిదాకా తెలియలేదు, ఆ మాట విన్నాక సలపడం మొదలైంది.

అసలు సంగతి తరవాత బయటపడింది. గొడవ జరిగితే తప్ప అధికారులు రాజీకి పిలవరని తెలిసి, పిలిస్తే ఏం పంచుకోవాలో చిట్టియ్యా, తిప్పలపాలెం పెద్దా ముందే మాట్లాడేసుకున్నారు. ఒక పడవ వెళ్ళి నాలుగు తన్నులు తిని వస్తే చాలు. పెద్దలు మర్యాదగా కూర్చుంటారు, పిచ్చిపని చేసినవాడు కేసు మోస్తాడు. రాజీలో మొగ దగ్గర చోట్లు తిప్పలపాలేనికి పోయాయి, ఏటికి పైన, ఎగువనున్న చోట్లు మెరకపాలేనికి మిగిలాయి. చిట్టియ్య సొంత చోటు పైన ఉంది. పోతురాజు తండ్రి చోటు మొగలో ఉంది. తనది కానిదాన్ని ఎంత దర్జాగా ఇచ్చేశాడో చూడండి!

బెయిలు మీద ఇంటికి వచ్చిన రోజు రత్తమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "పడవలకి ఇంజన్లు లేవు మావా. నువ్వెల్లాక రేవుకొచ్చి సూశాను. ఒక్క పడవకీ లేదు. ఏంటని అడిగితే తెత్తారులే అన్నారు. పరిగెత్తుకుంటా అన్నయ్య ఇంటికెల్లాను. అరుగు మీద అన్ని ఇంజన్లూ గోనె కప్పేసి ఉన్నాయి. కాపలా కూచుంది సాయికిరణ్."

మెరకపాలెంలో ఇంజన్లు దొంగల భయానికి రాత్రిళ్ళు ఇళ్ళకి మోసుకుపోతారు. పొద్దున్నే భుజాన వేసుకుని తెచ్చి పడవ వెనక బిగిస్తారు. ఇంజన్ బిగించని పడవ ఆ రోజు ఏట్లోకి దిగదని పాలెంలో ముసలమ్మకి కూడా తెలుసు. పోతురాజు కళ్ళు మూసుకుని ఆ పొద్దుటి రేవుని మళ్ళీ చూశాడు. పడవలు వరసగా ఉన్నాయి. వాటి వెనక ఖాళీ. తను చూశాడు, చూసి కూడా పట్టించుకోలేదు. సైన్యంలో బయల్దేరే ముందు ప్రతి తుపాకీ తడిమి చూసినవాడు, సొంత ఊళ్ళో ముఖాలు చూసి నమ్మేశాడు. ఊరికి కొత్తవాడని చిట్టియ్య అన్నది నిజమేనేమో అనిపించింది.

దుర్గాసాయికి కుడిచేతి వేళ్ళు సగం పోయాయి. కేసున్నవాడు వద్దని ఏటీఎం దగ్గర పోతురాజుని మానిపించేశారు. రేవులో ఎవరూ ఇప్పుడు కిరిమిసి అనడం లేదు, అసలు పలకరించడమే లేదు. ఎదురుపడితే ముఖం చాటేస్తారు. కళ్ళతో చూసి కదలనివాళ్ళు మరి ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతారు! పోతురాజు రోజూ దుర్గాసాయి ఇంటికి వెళ్ళి, వాడికి ఎడమచేత్తో వల అల్లడం నేర్పేవాడు. తను కూడా ఎడమచేత్తోనే అల్లేవాడు, వాడొక్కడే తడబడుతున్నట్టు ఉండకూడదని.

కార్తీకం వెళ్ళాక తిప్పలపాలెం వాళ్ళు రాజీ మీరి పై చోట్ల ముందు కూడా రాటలు పాతారు. ఈసారి చిట్టియ్య సొంత చోటుకే ఎసరొచ్చింది. దండోరా పడక ముందే, ఎండ ఎక్కే వేళకి, కొడుకుని వెంటబెట్టుకుని చిట్టియ్యే పోతురాజు ఇంటి అరుగు దగ్గరికి వచ్చాడు. ఆ గొడవ తరవాత ఆ గడప తొక్కడం అదే మొదలు.

"బావా, అయిపోయిందేదో అయిపోయింది" అన్నాడు. పోతురాజు మంచం మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు, తలెత్తలేదు. "చిన్న గొడవే బావా. నువ్వు ముందుంటే ఆళ్ళు జడుత్తారు. ఈసారి నిజంగా అందరం వత్తాం. మా ఇంటి నుంచి నువ్వు..."

"మీ ఇంట్లో మగోళ్ళు లేరా అన్నయ్యా?"

ఆ మాట లోపల్నుంచి వచ్చింది. రత్తమ్మ చేపల బుట్ట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "పోలీసోళ్ళ కాడ మా ఇంటోడు కాదన్నావంట. ఇయ్యాల ఎప్పుడయ్యాడు? నీ తోడబుట్టినందుకు నేను రేవులో తలెత్తుకోలేకపోతన్నాను." బుట్ట అక్కడే పడేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

పోతురాజు లేచి లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో ఎర్ర తువ్వాలు ఉంది. ఉతికినా దాని మీది నెత్తుటి మరకలు పూర్తిగా పోలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి చిట్టియ్య ముందుకు చాపాడు.

"బావా, ఇది మీవాడికియ్యి. ముందు పడవలో ఆడినెల్లమను. ఆడు తువ్వాలు ఎత్తితే నేనొస్తాను. ఇంకెవరూ రాకపోయినా నేనొస్తాను. కర్పూరం ఆర్పక్కర్లేదు."

సాయికిరణ్ తండ్రి ముఖంలోకి చూశాడు. చిట్టియ్య ఆ తువ్వాలు వైపు, పోతురాజు వైపు, మళ్ళీ తువ్వాలు వైపు చూశాడు. పోతురాజు చెయ్యి చాపి అలాగే నిలబడి ఉన్నాడు. చిట్టియ్య కొడుకు జబ్బ పట్టుకుని, తువ్వాలు తీసుకోకుండానే అరుగు దిగి వెళ్ళిపోయాడు.